ప్రమిదలో యింకా చమురుంది

మన యిళ్ళలో అరవై దాటిన వారి కోసం ఒక సలహా యెప్పుడూ సిద్ధంగా వుంటుంది. "ఇంకా యెందుకండీ మీకీ తాపత్రయం? హాయిగా కృష్ణా రామా అనుకుంటూ కూర్చోక!" అంటాం. అనేవారికి దురుద్దేశమేమీ వుండదు. ప్రేమగానే, కాఫీ గ్లాసు చేతికందిస్తూనే అంటారు. కాని వినేవారి చెవికి అది మరొక విధంగా తగులుతుంది. "మీ పని అయిపోయింది, యిక మిగిలింది కాలక్షేపమే" అన్నట్టు వినబడుతుంది.

కాలేజీలో పదవీ విరమణ సభలు యేటా ఒకటో రెండో చూస్తూనే వుంటాను. దండ, శాలువా, పండ్ల బుట్ట, నాలుగు మంచి మాటలు, చివరికొక గోడ గడియారం. ముప్ఫయ్యేళ్ళపాటు గంట కొట్టగానే పరుగెత్తిన మనిషికి, యిక గంటతో పనిలేని రోజున గడియారం బహూకరించడంలోని చమత్కారం నాకింతవరకూ బోధపడలేదు. దాన్ని చంకన పెట్టుకొని ఆటో యెక్కే పెద్దమనిషి ముఖంలో సంతోషమెంతో, దిగులెంతో పోల్చుకోవడం కష్టం.

ఈ వారం మీకు చెప్పబోయేది, అటువంటి వీడ్కోలు తమకు తామే ప్రకటించుకొని, ఆ తరువాత పన్నెండేళ్ళకు కొత్త పాటలు కట్టి తెచ్చిన కొందరు జర్మను సంగీతగాళ్ళ సంగతి. బృందం పేరు స్కార్పియన్స్, అంటే తేళ్ళు. వూరు హానోవర్. 2022 ఫిబ్రవరి 25న విడుదలైన వారి ఆల్బం పేరు 'రాక్ బిలీవర్'. స్టూడియోలో తయారుచేసిన ఆల్బముల్లో అది వారికి పంతొమ్మిదవది. గాయకుడు క్లౌస్ మైనెకూ, బృందాన్ని స్థాపించిన రూడాల్ఫ్ షెంకర్‌కూ అప్పటికి డెబ్బయి మూడేళ్ళు. వారి సంగీతాన్ని హార్డ్ రాక్ అంటారు, హెవీ మెటల్ అనీ అంటారు.

ఆ రెండో పేరు చూడగానే కొందరు పేజీ తిప్పబోతారని నాకు తెలుసు. కాస్త ఆగండి. తెలుగు యెమ్మే చదివి, ప్రబంధాలు పాఠం చెప్పుకునే నాకు దీనితో యేం పని అని మీరడగవచ్చు. మా అక్కయ్య కొడుకు జర్మనీలో చదువుకుంటున్నాడు. సెలవులకు భవానీపురం వచ్చినప్పుడు, "పిన్నీ, ఒక్క పాట విను, నచ్చకపోతే మళ్ళీ అడగను" అని పెట్టాడు. వంటింట్లోంచి మా అత్తగారు తొంగిచూసి, "ఏం నాయనా, ఆ డబ్బాలో యెవరో పొట్లాడుకుంటున్నారు, కాస్త సర్దిచెప్పరాదూ!" అన్నారు. పిల్లవాడు నవ్వి శబ్దం తగ్గించాడు. ఒక పాట నాలుగయింది. ఆ తరువాత వాళ్ళెవరో, యేమిటో తెలుసుకోవాలన్న కుతూహలం నాకే పట్టుకుంది.

మొదట ఆ మోత సంగతి చూద్దాం. దసరా పది రోజులూ కొండ మీది మైకులూ, మిగతా రోజుల్లో హైవే మీది లారీల హారన్లూ వినే భవానీపురం వాసులకు జర్మను గిటారు మరీ భయపెట్టే వస్తువేమీ కాదు. పెళ్ళి పందిట్లో మైకుసెట్టు వాడు ఉత్సాహం కొద్దీ శబ్దం బాగా పెంచితే, సన్నాయి కూడా గరగరమనడం మీరు వినే వుంటారు. యంత్రం తన శక్తికి మించి మోయలేదు. దానికందించిన నాద తరంగం పైభాగం, కత్తిరించినట్టు తెగిపోతుంది. తెగినప్పుడు అసలు స్వరంలో లేని ఉపస్వరాలు కొన్ని పుట్టి దానితో కలుస్తాయి. అదే ఆ గరగర.

గిటారు వాయించేవారికి కూడా మొదట్లో అది లోపమే. కాని అందులో ఒక లాభం కనబడింది. మామూలు గిటారు తీగను మీటితే నాదం వెంటనే సన్నగిల్లిపోతుంది. ఈ గరగరతో మీటితే, నాదస్వరంలాగ నిలిచి సాగుతుంది. అప్పటినుంచి కావాలనే యంత్రాన్ని ఆ స్థితికి తీసుకువెళ్ళడం మొదలుపెట్టారు. అయితే అటువంటి నాదంలో మూడు నాలుగు వేర్వేరు స్వరాలు కలిపి మీటితే కలగాపులగమవుతుంది. షడ్జమ పంచమాలు రెండే కలిపితే నిండుగా, స్పష్టంగా నిలబడుతుంది. అందుచేత ఈ సంగీతానికంతటికీ పునాది యెక్కువభాగం స-ప. మన తంబురా శ్రుతి కూడా సాధారణంగా ఆ రెండే గదా! పై అంతస్తులు వేరైనా, పునాదిరాయి మనకు తెలిసినదే.

బృందంలో ఆ పునాది మోసేవాడు రూడాల్ఫ్ షెంకర్. 1965లో, నూనూగు మీసాల వయసులో, బృందాన్ని ఆరంభించాడు. తన బృందమే గనుక ముందు నిలబడి స్వరవిన్యాసాలు తానే చేయవచ్చును. అతడు లయగిటారు తన వంతుకు పెట్టుకొని, ఆ పెద్దపీట ఇతరులకిచ్చాడు. తన తమ్ముడు మైకేల్‌కు ఇచ్చాడు. 1973లో ఆ తమ్ముడు ఇంగ్లీషు బృందమొకదానిలో చేరడానికి వెళ్ళిపోతే, ఉలి రోత్ అనే అతడికి యిచ్చాడు. 1978 నుంచి ఆ స్థానం మథియాస్ యాబ్స్‌ది. ఉమ్మడి కుటుంబంలో పెద్దకొడుకు ఖర్చులు తాను చూసుకుంటూ, సభలో మాట్లాడే పని తమ్ముళ్ళకు వదిలేసినట్టుగా వుంటుంది ఈ వ్యవహారం. అరవయ్యేళ్ళ బృందాలు ఆట్టే లేకపోవడానికీ, ఇది వుండడానికీ కారణం అక్కడే కొంత దొరుకుతుంది.

ఇక గాయకుడి సంగతి. మా లెక్చరర్లది గొంతు మీద బ్రతికే జీవనం. అందువల్ల ఈ కథలో అన్నిటికన్న నన్ను కట్టిపడేసింది 1981లో జరిగినది. అప్పటికి స్కార్పియన్స్ పేరు అమెరికా దాకా పాకుతూంది. కొత్త ఆల్బం పాటలు సిద్ధమవుతున్నాయి. సరిగ్గా అప్పుడు క్లౌస్ మైనె గొంతు పోయింది. గొంతు లోపల రెండు చిన్న మడతలుంటాయి. మాట్లాడేటప్పుడు అవి సెకనుకు వంద సార్లకు పైగా, తారస్థాయిలో పాడేటప్పుడు అనేక వందల సార్లు ఒకదానినొకటి తాకుతాయి. అతిగా రాపిడి జరిగితే, చెప్పు కరిచిన చోట కాయ కాచినట్టు అక్కడ గట్టిపడుతుంది. శస్త్రచికిత్స తప్పలేదు. మళ్ళీ పాడగలడో లేదో చెప్పలేని పరిస్థితి.

మైనె తానే బృందంతో, "మీరు వేరే గాయకుణ్ణి చూసుకోండి" అన్నాడు. వ్యాపారదృష్టితో చూస్తే ఆ సలహా సబబైనదే. వారు వినలేదు. "వైద్యం చేయించుకో, మేం కాచుకొని వుంటాం" అన్నారు. ఈలోగా పని ఆగకుండా, పాటల కొలతలు చూసుకోవడానికి డాన్ డొకెన్ అనే అమెరికను గాయకుణ్ణి పిలిచి పాడించుకున్నారు. కాని చోటు మాత్రం మైనెదే. అతడు కోలుకొని, గొంతుకు మళ్ళీ ఓనమాలు దిద్దించి, తిరిగివచ్చి పాడాడు. 'బ్లాకౌట్' అనే ఆ ఆల్బం 1982లో వచ్చింది. వారికి అమెరికాలో గట్టి పేరు తెచ్చినవాటిలో అదొకటి.

ఈ సంగతి చదివినప్పుడు నాకు మా కాలేజీలోని ఒక పెద్దాయన జ్ఞాపకం వచ్చారు. కొన్నేళ్ళ క్రితం నాకూ గొంతు పట్టేసింది. డాక్టరు పరీక్షచేసి, పదిహేను రోజులు మౌనం పాటించమన్నాడు. పరీక్షలు దగ్గరపడుతున్నాయి. అప్పటికి పదవీ విరమణ చేసి రెండేళ్ళయిన మా సీనియరు మాస్టారికి యెవరో ఆ సంగతి చెప్పారట. మరునాడు ఉదయం సైకిలు మీద వచ్చి, "ఛందస్సు మిగిలిందా, అలంకారాలా?" అని అడిగారు. నేను ఛందస్సు అని పలక మీద వ్రాసి చూపించాను. పదిహేను రోజులు ఆయనే చెప్పారు. జీతం భత్యం యేమీ లేదు. నేను వెనక బెంచీలో కూర్చొని విన్నాను. గణవిభజన చెబుతూ బల్ల మీద వేళ్ళతో తాళం వేస్తూంటే, మామూలుగా కిటికీలోంచి బయటికి చూసే పిల్లలు కూడా బల్ల వైపే చూశారు. ఆయన గొంతు మునుపటికన్న సన్నబడింది. కాని చెప్పేదానిలో అనవసరమైన మాట ఒక్కటి లేదు.

వయసు మీరినవారి కళలో చూడవలసినది అదేననుకుంటాను. ఏం పోయిందన్నది యెవరికైనా తెలుస్తుంది. ఏం మిగిలిందన్నది శ్రద్ధగా వింటేనే తెలుస్తుంది.

స్కార్పియన్స్ వీడ్కోలు చెప్పిన తీరు మాత్రం విమర్శకు అందనిది కాదు. 2010 జనవరిలో, యిదే చివరి ఆల్బం, యిదే చివరి యాత్ర అని లోకానికంతటికీ ప్రకటించారు. ఆ ఆల్బం పేరు 'స్టింగ్ ఇన్ ది టెయిల్'. అంటే తోకలో కొండి అన్నమాట. యాత్ర రెండు సంవత్సరాలకు పైగా సాగి 2012 చివర ముగిసింది. ఇదే కడసారి గదా అని డబ్బు కూడబెట్టుకొని టిక్కెట్లు కొన్నవారు యెందరో వుంటారు. ముగిసీ ముగియగానే మనసు మారింది. మరుసటి యేడు ఏథెన్సులో కచేరీ, 2015లో మరొక ఆల్బం. మన దగ్గర రాజకీయ సన్యాసం పుచ్చుకున్నవారు మళ్ళీ నామినేషను వేసినట్టుగానే వుంది గదా అని మీరంటే, నేను కాదనను. కడసారి అన్న మాటకు విలువ కట్టి డబ్బు తీసుకున్నవారు, ఆ మాట మార్చుకుంటే సంజాయిషీ యివ్వవలసిందే. సభల్లో తమకన్న యెంతో చిన్నవారు, కుర్రకారు, వేల సంఖ్యలో కనబడడం చూసి ఆగలేకపోయామన్నది వారి జవాబు.

ఆ జవాబు నిజమో, సాకో తేల్చేది తరువాత చేసిన పని. 2015 నాటి ఆల్బం ఆ పరీక్షకు పూర్తిగా నిలవదు. అందులో కొంతభాగం 1980లలో సగం కట్టి అటకెక్కించిన బాణీలకు మెరుగులు దిద్దినది. నిల్వ ఆవకాయ యెంత బాగున్నా, ఈ యేడు కొట్టిన కాయ కాదు. అసలు పరీక్ష 'రాక్ బిలీవర్'. ఇవి ఆ వయసులో, ఆ రోజుల్లో, కొత్తగా కట్టిన పాటలు.

ఈ ఆల్బాన్ని అమెరికాలోని లాస్ ఏంజెలెసులో, అక్కడి ప్రసిద్ధ నిర్మాత గ్రెగ్ ఫిడెల్మన్ ఆధ్వర్యంలో తయారుచేయాలని వారి మొదటి ఆలోచన. 2020లో కరోనా వచ్చిపడింది. విమానాలు లేవు. కంప్యూటరు తెర మీద కొన్నాళ్ళు మంతనాలు జరిపి, అలా కుదిరేది కాదని తేల్చుకున్నారు. సొంతవూరు హానోవర్‌లోనే పెపర్‌మింట్ పార్క్ అనే స్టూడియో వుంది. హాన్స్-మార్టిన్ బుఫ్ అనే ఇంజనీరును తోడు చేసుకొని అక్కడే పని ఆరంభించారు. అయిదుగురూ ఒకే గదిలో నిలబడి, ఒకరి ముఖాలొకరు చూసుకుంటూ, 1980లలో చేసినట్టే, కలిసి వాయించారు.

ఇందులో విశేషమేమిటంటారా? ఈ కాలపు రికార్డింగు చాలావరకు అలా జరగడం లేదు. డ్రమ్ములవాడు ఒకనాడు వస్తాడు, గిటారువాడు మరొకనాడు వస్తాడు, గాయకుడు యింకెప్పుడో వచ్చి చెవులకు యంత్రం తగిలించుకొని, వీరెవరి ముఖమూ చూడకుండా పాడిపోతాడు. మన సినిమా పాటలు కూడా యిప్పుడు యెక్కువగా అలాగే తయారవుతున్నాయి. తప్పులుండవు. తప్పు దొర్లితే ఆ ముక్క వరకు తీసి మరొకటి అతుకుతారు. కాని ఒకరు కొంచెం వేగం పెంచితే మిగతావారు అందుకోవడం, గాయకుడు వూపిరి తీసుకునేంత సేపు డ్రమ్ములవాడు చెయ్యి బిగపట్టడం, యివి అతుకులకు లొంగేవి కావు.

విజయవాడ వారికి యిది కొత్త సంగతి కాదు. మైనె, షెంకర్ యిద్దరూ 1948లో పుట్టారు. అదే యేడు డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రం ప్రసారాలు ఆరంభించింది. ఆ తొలిరోజుల్లో సంగీత ప్రసారాలు చాలావరకు అప్పటికప్పుడు స్టూడియోలో కూర్చొని పాడినవే, వాయించినవే. ఎర్రదీపం వెలిగిందంటే దగ్గు వచ్చినా మింగుకోవలసిందే. గాత్రం, వయొలిన్, మృదంగం ఒకే గదిలో, ఒకరి కనుసన్నల్లో మరొకరు. ఆ పద్ధతిలో తయారైన చెవులు మన పాతతరం విద్వాంసులవి.

అటువంటివారిలో వయొలిన్ విద్వాంసులు అన్నవరపు రామస్వామిగారిని చెప్పుకోవాలి. 1926లో పుట్టిన ఆయన, పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిష్యులు. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారిదీ అదే గురుకులం. రామస్వామిగారు విజయవాడ రేడియోలో దశాబ్దాల తరబడి పనిచేసి 1986లో కొలువు విరమించారు. రేడియో కొలువుకే విరమణ, వయొలిన్‌కు కాదు. ఆ తరువాత కూడా వాయిస్తూ, శిష్యులకు చెబుతూనే వచ్చారు. 2021లో పద్మశ్రీ ప్రకటించేనాటికి ఆయనకు తొంభై నాలుగేళ్ళు నిండాయి. కొలువు వదిలిన తరువాతి కాలం, కొలువు చేసిన కాలంతో దాదాపు సమానం! ఆ ముప్ఫయి నాలుగేళ్ళూ ఆయన వూరికే కూర్చొని వుంటే, నష్టం ఆయన ఒక్కరిదీ కాదు, ఆయన దగ్గర కమాను పట్టడం నేర్చినవారందరిదీను.

మళ్ళీ హానోవర్‌కు వద్దాం. ఆల్బం నిడివి సుమారు ముప్పాతిక గంట, పాటలు పదకొండు. మొదటి పాట 'గ్యాస్ ఇన్ ది ట్యాంక్'. బండిలో యింకా చమురుందా అని తమను తామే ప్రశ్నించుకొని, వుందని చెప్పుకునే పాట. రెండవది 'రూట్స్ ఇన్ మై బూట్స్', పరుగులాంటి పాట. ఆల్బానికి పేరిచ్చిన 'రాక్ బిలీవర్', రాక్ సంగీతం చచ్చిపోయిందని యేళ్ళ తరబడి వింటున్నా, నమ్మేవాళ్ళు యింకా వున్నారని చెప్పడం. 'సెవెంత్ సన్' మెల్లగా, బరువుగా, యేనుగు నడకలా సాగుతుంది. అన్నిటిలోకీ నాకు బాగా నచ్చినది అదే. చివరిది 'వెన్ యు నో', యెక్కడినుంచి వచ్చామో తెలిసివుండడం గురించిన నెమ్మదైన పాట. ఆ గరగరలన్నీ సద్దుమణిగి, మైనె గొంతు ఒంటరిగా నిలుస్తుంది. 1982 నాటి పై అంతస్తు ఆ గొంతులో యిప్పుడు లేదు. మధ్యస్థాయిలోనే వుండి, స్వరం మీద నిలకడగా నిలబడుతుంది. శస్త్రచికిత్స జరిగిన గొంతు, నలభయ్యేళ్ళ తరువాత!

డ్రమ్ములు వాయించిన మిక్కీ డీ స్వీడను దేశస్థుడు. మోటర్‌హెడ్ అనే పేరుమోసిన ఇంగ్లీషు బృందంలో పనిచేసేవాడు. ఆ బృందం నాయకుడు 2015 చివర కన్నుమూయడంతో అది ముగిసింది. 2016లో యీ బృందంలోకి వచ్చాడు. వీరితో అతడు చేసిన మొదటి ఆల్బం యిది. ముసలి ఎడ్లబండికి కొత్త గిత్తను కట్టినట్టయింది. బండి మొత్తం కదలిక మారింది.

లోపాలు లేవనడం లేదు. సాహిత్యం దృష్టితో చూస్తే పాటలు పలచనవి. డెబ్బయి మూడేళ్ళవాడు యింకా పాతికేళ్ళవాడి బడాయి మాటలు పాడడం అక్కడక్కడ కొంచెం చిన్నతనంగా వుంటుంది. కొన్ని బాణీలు వారి పాత బాణీలనే తట్టి లేపుతాయి. ఇంకొక మాట కూడా చెప్పాలి. 1970లలో వారి రికార్డుల అట్టబొమ్మల్లో కొన్ని బొత్తిగా యింట్లో పెట్టుకోదగినవి కావు. విమర్శలు చెలరేగి కొన్ని దేశాల్లో అట్టలు మార్చవలసి వచ్చింది. ఆ విమర్శ న్యాయమైనదే. పాట బాగున్నదని బొమ్మను మెచ్చుకోనవసరం లేదు.

అయినా యీ ఆల్బం నా మనసులో నిలిచిపోవడానికి, అది వెలువడిన తేదీ కూడా ఒక కారణం. అందుకు కొంచెం వెనక్కు వెళ్ళాలి. 1988లో స్కార్పియన్స్ సోవియట్ దేశానికి వెళ్ళి లెనిన్‌గ్రాడ్‌లో కచేరీలు చేశారు. మరుసటి యేడు ఆగస్టులో మాస్కోలో శాంతి పేరిట జరిగిన పెద్ద సంగీతోత్సవంలో పాల్గొన్నారు. రష్యాతో యుద్ధంచేసి ఓడిన జర్మనుల బిడ్డలు, యీసారి గిటార్లు పట్టుకొని వెళ్ళారు. అక్కడి కుర్రవాళ్ళు, కాపలా సైనికులతో సహా, పాటకు తలలూపడం మైనె చూశాడు. ఆ కదలికే 'విండ్ ఆఫ్ చేంజ్' అనే పాటయింది. అంటే మార్పుగాలి. ఈలతో మొదలయ్యే ఆ పాట 1990 నాటి ఆల్బంలో వచ్చింది. ఈలోగా 1989 నవంబరు 9న బెర్లిన్ గోడ తెరుచుకుంది. 1991లో ఆ పాట యూరోపంతటా మ్రోగింది. అదే యేడు డిసెంబరులో గోర్బచేవ్ వారిని క్రెమ్లిన్‌కు ఆహ్వానించాడు. మన దేశానికి కూడా 2007 డిసెంబరులో వచ్చారు. షిల్లాంగ్‌లో, బెంగుళూరులో వారి కచేరీలు జరిగాయి.

ఇప్పుడు తేదీ చూడండి. 2022 ఫిబ్రవరి 24న రష్యా సేనలు ఉక్రెయిన్‌లో ప్రవేశించాయి. ఆ మరునాడే 'రాక్ బిలీవర్' విడుదల. అందులో 'పీస్‌మేకర్', అంటే శాంతిదూత అనే పాట వుంది. అది అంతకు మూడు నెలల ముందే విడిగా విడుదలైనది, యీ యుద్ధం కోసం వ్రాసినది కాదు. మరుసటి నెలలో అమెరికాలోని లాస్ వేగాస్‌లో వారి కచేరీలు. అక్కడ జనం 'మార్పుగాలి' పాడమంటారు. ఆ పాట ఆరంభంలో మాస్కో నది వుంది, అక్కడి తోట వుంది. ముప్ఫయి సంవత్సరాలుగా కోట్ల మందికి కంఠస్థమైన చరణాలు. పాడాలా, మానాలా?

మైనె పాట మానలేదు. మాటలు మార్చాడు. మాస్కోను తలచుకునే పంక్తులు తీసివేసి, ఉక్రెయిన్ పేరు వచ్చేటట్టు తిరగవ్రాసి పాడాడు. రష్యాను ముద్దుచేసే మాటలు పాడే సమయం కాదిది అన్నది అతడి భావం.

మేము సాహిత్యం పాఠాల్లో పాఠభేదాలని ఒకటి చెబుతాం. తాటాకు ప్రతులు వ్రాసిన లేఖకుల చేతుల్లో పద్యం మాటలు మారిపోవడం, పండితులు వాటిని పోల్చి అసలుది యేదో తేల్చడం. చచ్చిపోయిన కవి వచ్చి, "నేను వ్రాసినది యిది కాదు" అనో, "ఇప్పుడు యిలా చదవండి" అనో చెప్పలేడు గనుక యింత శ్రమ. ఇక్కడ కవి బ్రతికి వున్నాడు. పాడుతున్నాడు. లోకం మారింది, పాట అబద్ధమవుతూంది, దిద్దవలసిన బాధ్యత నాది అని తన చేత్తో తానే పాఠభేదం చేశాడు. 2012లోనే యింటికి పోయి కూర్చొని వుంటే, ఆ పాట అలాగే, పాత రికార్డులో, పాత నమ్మకంతో మ్రోగుతూ వుండేది. వయసు మీరిన కళాకారుడు పనిలో వుండడం వల్ల కలిగే మేలు యిది కూడాను. తాను చెప్పినదానికి జవాబుదారీగా వుంటాడు.

బృందానికి 2025లో అరవయ్యేళ్ళు నిండాయి. ఆ యేడు జూలై 5న సొంతవూరు హానోవర్‌లోనే, ఆరుబయలు స్టేడియంలో కచేరీ చేశారు. షష్టిపూర్తి అనుకోండి. మనం షష్టిపూర్తి చేసి పీటల మీంచి లేవదీసి మూల కూర్చోబెడతాం. వాళ్ళు షష్టిపూర్తి నాడు గిటార్లు శ్రుతి చేసుకున్నారు.

వినదలచినవారికి ఒక సూచన. మొదటే మొదటి పాట పెట్టుకోకండి. చివరి పాట 'వెన్ యు నో' ముందు వినండి. తరువాత 'సెవెంత్ సన్'. మైనె గొంతుతో పరిచయమయ్యాక, అప్పుడు 'గ్యాస్ ఇన్ ది ట్యాంక్' వినవచ్చు. శబ్దం మాత్రం మితంగా పెట్టుకోండి. చెవులు మళ్ళీ కొనుక్కోగలిగినవి కావు. ఇంట్లో పెద్దవారు నిద్రలేచాకనే సుమండీ!

మా కాలేజీలో ఈ వేసవికి మరొక సభ రాబోతూంది. చందాల జాబితా అప్పుడే తిరుగుతూంది. గడియారం కొనవద్దని నేను చెప్పాను. "మరేం కొందామంటారు?" అన్నారు. ఏమీ కొనవద్దు, నెలకొక శనివారం వచ్చి మా పిల్లలకు ఒక గంట పాఠం చెప్పవలసిందని ఆయన్నే అడుగుదాం అన్నాను. నిబంధనలు ఒప్పుకుంటాయా అని ఒకరు సందేహించారు. జీతమడగని పాఠానికి యే నిబంధన అడ్డువస్తుందో కనుక్కుంటామన్నాం. నాకు ఛందస్సు పాఠాలు చెప్పిపెట్టిన మాస్టారిని కూడా పిలవాలని వుంది. సాయంత్రాలు పున్నమిఘాట్ మెట్ల మీద కూర్చొని, యెవరూ లేకపోయినా, మోకాలి మీద వేళ్ళతో తాళం వేస్తూ కనబడుతుంటారు.